ఉదయ్ రక్తంలోంచి మొలిచిన రెటీనా

కోడూరులో పొద్దుగూకితే చాలు, షీబా తన తమ్ముడు ఉదయ్ కిరణ్ చెయ్యి పట్టుకుని నడిపించేది. పగలు గోళీలాటలో ఊరందరినీ ఓడించే పిల్లాడు, దీపాలు పెట్టే వేళకి గోడలు తడుముకునేవాడు. ఒకసారి ట్యూషన్ నుంచి వస్తూ పంటకాలవలో పడిపోయాడు. "ఎదురుగా అంత కాలవుంటే కనబడలేదంట్రా? వేషాలు!" అని గట్టు మీదివాళ్ళు నవ్వారు.

నాయనమ్మ సువార్తమ్మ నవ్వలేదు. రేచీకటని పోల్చుకుని పొన్నగంటికూర వండిపెట్టింది, చర్చిలో ప్రార్థన చేయించింది. ఏం చేసినా తగ్గకపోయేసరికి బందరు తీసుకెళ్ళారు.

"ఇది తిండి లోపం కాదమ్మా, పుట్టుకతో వచ్చిన జబ్బు" అన్నాడు కళ్ళ డాక్టరు. "మసక వెలుతురులో చూసే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఆ తర్వాత చుట్టూ చూపు ముడుచుకుంటూ వస్తుంది. మందు లేదు."

మందు లేదన్న మాట షీబాకి మింగుడుపడలేదు. గుడివాడలో డిగ్రీకి జువాలజీ తీసుకుంది. అక్కడ లెక్చరర్ గంగాధరరావు గారు ఒకరోజు పొదగేసిన కోడిగుడ్డుకి ఒకపక్క పెంకు జాగ్రత్తగా ఒలిచి చూపించారు. ఎర్రటి దారాల్లాంటి రక్తనాళాల మధ్య నల్లటి చుక్క.

"అది కన్నాండీ?"

"కన్నేనమ్మా."

"చూసే కణాలన్నీ అందులో ఉన్నట్టేనాండీ?"

"ఇంకా లేవు. ఇప్పుడున్నవి దాదాపు అన్నీ ఒక్క రకమే, తల్లి కణాలు. తక్కినవి వాటిలోంచే వరసగా పుడతాయి. మెదడుకి కబురు మోసేవి ముందు. రంగులు చూసే శంకువులు కాస్త వెనక. చీకట్లో పనికొచ్చే దండాలు ఇంకా ఆలస్యంగా. అన్నిటికీ ఆసరాగా నిలబడేవి ఆఖర్న."

"ఏది ఏమవ్వాలో వాటికెవరు చెప్తారండీ?"

ఆయన నవ్వారు. "లోపలి జన్యువులు కొంత, పక్కనున్న కణాలు కొంత, పుట్టిన వేళ కొంత. అదృష్టం కూడా కొంత ఉందంటారు. పూర్తిగా తెలిసినవాళ్ళు లేరమ్మా. నువ్వు తెలుసుకో."

ఆ ప్రశ్నే ఆమెని హైదరాబాదులో ఒక పరిశోధనశాల దాకా తీసుకెళ్ళింది. అక్కడ గాజు పళ్ళెంలో తల్లి కణాల నుంచి రెటీనా, అంటే కంటి లోపలి చూసే పొర, పెంచుతారు. మొదట్లో షీబా చేతిలో ఏదీ నిలవలేదు. కొన్ని బూజు పట్టిపోయాయి. కొన్ని కన్నవ్వాల్సింది పోయి మెదడు కణాలయ్యాయి. మానేసి టీచరు ఉద్యోగం చూసుకుందామనుకున్న రోజులున్నాయి. ఎలాగో చెయ్యి కుదిరాక, జబ్బున్న మనిషి రక్తంతో చేసి చూద్దామన్నారు అక్కడివాళ్ళు. తమ్ముణ్ణి అడగడానికి ఆమెకి భయం వేసింది. లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందేమోనని.

ఉదయ్‌కి అప్పటికి అవనిగడ్డలో మొబైల్ రిపేరు షాపుంది. ఎదురుగా ఉన్నది వాడికి ఇంకా బాగానే కనబడుతుంది. పక్కనున్నదే కనబడదు. దీపం కింద కూర్చుని పనిచేస్తాడు, చీకటి పడకముందే షట్టరు దించేస్తాడు.

"దీంతో నీ కళ్ళు బాగవుతాయని కాదురా" అంది షీబా.

"నేనడిగానా?" అన్నాడు వాడు. "ఫోను పాడైతే ముందు విప్పి, ఏ పార్టు పోయిందో చూస్తాం. నా కన్ను విప్పలేవు కదా. ఇంకోటి పెంచుకుని విప్పక్కా."

వాడి రక్తకణాలని వెనక్కి నడిపించి, మళ్ళీ ఏమైనా అవ్వగలిగే తొలి కణాలుగా మార్చారు. వాటిని రెటీనా తల్లి కణాల దారి పట్టించారు. సగ్గుబియ్యం కన్నా చిన్న గింజలు, సగం గాజులా ఉండేవి. షీబా వాటికి పోషకద్రవం మారుస్తూ క్రిస్మస్‌కి కూడా ఊరు వెళ్ళలేదు. గుడ్డు ముందు గంగాధరరావు గారు చెప్పిన వరసే ఇక్కడా నడిచింది. కబురు మోసేవి వచ్చాయి, శంకువులు వచ్చాయి. దండాల కోసం నెలలు ఎదురుచూసింది. ఈ రక్తంలోంచి అవి అసలు పుట్టవేమోనని లోపల గుబులుగా ఉండేది.

పుట్టాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కణాల్లో ఎలా పుట్టాయో అలాగే. తర్వాత్తర్వాత గాని వాడిపోయి చావడం మొదలుపెట్టలేదు. అంటే తల్లి కణం తన పని సరిగ్గానే చేసింది. లోపం పుట్టుకలో కాదు, బతకడంలో ఉంది. బతకలేనివాటిని బతికించే దారి వెతకొచ్చు. ఆ రోజు షీబా ఒక్కతే క్యాంటీన్లో కూర్చుని, చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని ఏడ్చింది.

ఉదయ్‌ని పిలిపించింది. మైక్రోస్కోపు గది చీకటిగా ఉండాలి. గుమ్మం దాటగానే వాడు ఆగిపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టింది. వాడు కన్ను ఆనించాడు. నల్లటి గుండ్రంలో ఆకుపచ్చ చుక్కలు, వాటి పక్కన ఎర్రటి సన్నని గీతలు.

"రంగులు మేమద్దినవే. ఆకుపచ్చవి శంకువులు, ఆ ఎర్రవి దండాలు" అంది షీబా. "నీవే."

వాడు రెండో కన్ను ఆనించి మళ్ళీ చూశాడు.

"ఇందులో చూస్తే నాకేం తక్కువ అనిపించట్లేదక్కా" అన్నాడు. "ఇది నీకూ ఇంతే కదా, గుండ్రంగా?"

"నాకూ ఇంతేరా."

"ఎంత బాగున్నాయో!"

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు ఆదివారం చర్చి అవగానే అవనిగడ్డ నుంచి ఫోను వస్తుంది.

"పళ్ళెంలో మనవాళ్ళెలా ఉన్నారక్కా?"

"కొత్త మందు వేశాం. వెయ్యనివాటికన్నా వేసినవి కాస్త ఎక్కువ నిలిచాయి. ఒక్కసారికే నమ్మకూడదు. మళ్ళీ చెయ్యాలి."

"చెయ్యి. రక్తం కావాలంటే చెప్పు, బస్సెక్కుతా."

"ఇప్పుడక్కర్లేదులే. అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు. చేపల పులుసు పొయ్యి మీదుంది" అంటాడు ఉదయ్, వంటింటి వైపు నడుస్తూ.