ఆ బట్టలో తప్పు

నా క్లాసుల్లో నేను చెప్పే కథ ఒకటి ఉంది. పదిహేనేళ్లుగా చెబుతున్నాను. నల్గొండలో నేను ఇంటర్వ్యూలకు తయారు చేసే రోజుల్లో ఒక నేత కుటుంబం పిల్లగాడు వచ్చాడనీ, బట్టీ పట్టిన జవాబులు చెప్పలేక తడబడుతుంటే నేను అతని నోట్‌బుక్ మూయించి, ఇంట్లో ఏం పని చేస్తావో చెప్పమన్నాననీ, అతను మగ్గం గురించి అరగంట ఆగకుండా మాట్లాడాడనీ, ఆ మాటలే బోర్డు ముందు చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాడనీ ఆ కథ. అది మొదలుపెట్టగానే హాల్లో ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తుతారు. మనిషిలోని అసలు మనిషిని బయటికి రానివ్వడమే కోచ్ పని అని ముగిస్తాను. చప్పట్లు కొడతారు.

పోయిన నెల క్లాసు అయ్యాక ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి, ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నారు సార్ అని అడిగింది. ఏదో పెద్ద ఆఫీసు పేరు చెప్పి తప్పించుకున్నాను.

ఆ పిల్లగాడికి ఉద్యోగం రాలేదు. నోట్‌బుక్ మూయించింది నేను కాదు. ఆ ప్రశ్న అడిగింది కూడా నేను కాదు. నాకిప్పుడు యాభై అయిదు దాటాయి. జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలని ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నల్గొండ గడియారం సెంటరుకు కొంచెం అవతల, మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని ఇంటర్వ్యూ కోచింగ్ మొదలుపెట్టాను. కింద టైపింగ్ ఇన్‌స్టిట్యూట్. అది నడిపే ముస్లిం పెద్దాయనను అందరూ చాచా అనేవాళ్లు. పొద్దున ఆరింటికే పది మిషన్లు ఒక్కసారి మొదలయ్యేవి. ఆ చప్పుడుకు మా గదిలో గ్లాసులో నీళ్లు వణికేవి. మిషన్ ఆగితే చాచా స్క్రూడ్రైవరు పట్టుకుని తనే విప్పేవాడు. కోర్టుకు వచ్చే కక్షిదారులందరూ ఆయన దగ్గరికే దరఖాస్తులు కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లు. ఆయనతో మాట్లాడుతూ కూర్చుంటే దరఖాస్తులో లేని సంగతులన్నీ వాళ్ల నోటి వెంట వచ్చేవి.

నా పద్ధతి ఇట్లా ఉండేది. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, వెనక మూడు కుర్చీలు వేసేవాణ్ణి. నడిమి కుర్చీ నాది. మిగతా రెండింట్లో ఆ రోజు వంతు వచ్చినవాళ్లు మెంబర్లుగా కూర్చునేవాళ్లు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, మీ గురించి చెప్పండి. దానికి జవాబు నేనే చెప్పి రాయించేవాణ్ణి. అందరి తండ్రులూ వ్యాపారస్తులే. అందరికీ చదరంగం అంటే ఇష్టమే. చదరంగం బల్ల ముట్టినవాడు మా గదిలో ఒక్కడూ లేడు. ఒకనాడు మెంబరుగా కూర్చున్న కట్టంగూర్ పిల్లగాడు కొంటెగా, చదరంగంలో గుర్రం ఎట్లా నడుస్తుందని అడిగాడు. ఎదుటివాడు చేతులు కట్టుకుని, దాణా మంచిగ పెడితే మంచిగనే నడుస్తది సార్ అన్నాడు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాడు గుర్రం నడక కూడా నోట్‌బుక్కులో రాయించాను.

ఎందుకిట్లా నేర్పానో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. మాది మహబూబ్‌నగర్ జిల్లా, అమ్రాబాద్ దిక్కు మెట్ట ఊరు. మా బాపు, అమ్మ మట్టి పనికి పోయేవాళ్లు. ఎక్కడ కాలువ తవ్వితే అక్కడ, ఎక్కడ కట్ట పోస్తే అక్కడ గుడిసె. నేను అవ్వ దగ్గర ఉండి చదువుకున్నాను. ఎనభైల్లో నల్గొండ హాస్టల్లో చేరిన మొదటి రోజు, మీ నాయిన ఏం చేస్తాడని ఒకడు అడిగితే కాంట్రాక్టర్ అన్నాను. ఎట్లా వచ్చిందో ఆ మాట. దానితో నాకు కిటికీ పక్క మంచం దొరికింది. తర్వాత ఒకసారి బాపు జొన్నరొట్టెలు మూట కట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేశాను. ఎవరని దోస్తులు అడిగితే మా ఊరాయన అన్నాను. బాపు అప్పటికి పది అడుగులు కూడా పోలేదు. వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అబద్ధం పనికొస్తుందని నాకు ఆ మంచం నేర్పింది. దాన్నే నేను నోట్‌బుక్కుల్లో రాయించాను.

ఆ పిల్లగాడు ఎండాకాలం చివర్లో వచ్చాడు. చండూరు అవతల ఊరు. బీకాం చదివాడు. వేళ్ల సందుల్లో ఎరుపు, గోళ్ల చుట్టూ నలుపు. వాళ్లింట్లో చిటికి పని చేస్తారు. నేసే ముందే నూలును లెక్క ప్రకారం పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి నేస్తే అక్కడ పువ్వు లేస్తుంది. తండ్రికి చూపు తగ్గి కట్టలేకపోతున్నాడు, ఇప్పుడు ఇంట్లో చిటికి కట్టేది ఇతనొక్కడే. అన్న అప్పటికే రాష్ట్రం దాటి భీవండి పోయి పవర్‌లూములో పని చేస్తున్నాడు. ఇతను పరీక్ష పాసయి ఇంటర్వ్యూ దాకా వచ్చాడు. వయసు ప్రకారం ఇదే ఆఖరు. ఇది వస్తే ఇంటి దగ్గర ఉండొచ్చు, రాకపోతే అన్న వెంట భీవండి రైలెక్కాలి.

పోస్టు ఏమిటంటే, నేత సంఘాల నుంచి వచ్చే బట్టను పరీక్షించి తీసుకునే ఒక సంస్థలో ఇన్‌స్పెక్టరు.

మొదటి రోజే అడిగాడు. "సార్, గిది బట్టల కొలువే గద. నాకు మగ్గం పని వస్తదని చెప్పొద్దా?"

"మగ్గం మీదోనివని తెలిస్తే పోయి మగ్గం మీదనే కూసోమంటరు. వాళ్లకు కావాల్సింది ఆఫీసరు" అన్నాను.

అతను తలూపి రాసుకున్నాడు. తండ్రి బట్టల వ్యాపారి. ఇష్టం చదరంగం. చేతుల రంగు పోవడానికి నిమ్మచెక్క, వాషింగ్ సోడాతో రుద్దుకోమన్నాను. వారం రోజుల్లో ఎరుపు పోయి చర్మం పొక్కింది. బల్ల ముందు కూర్చుంటే మాత్రం మాట పెగిలేది కాదు. మూడో వాక్యం దగ్గర ఆగిపోయి పైకప్పు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం క్లాసుకు ముందే వచ్చి కింద చాచా దగ్గర కూర్చున్నాడు. నేను చాయ్ తాగుదామని దిగుతూ మెట్ల నడుమ ఆగాను. చాచా మిషన్ రిబ్బన్ సరిచేస్తూ, "బేటా, గీ వేళ్లకు ఏమైంది?" అని అడిగాడు. అడిగి స్క్రూడ్రైవరు కింద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన అలవాటు అది. ఒకటి అడిగితే ఇంకోటి అడిగేవాడు కాదు. ఎదుటివాడు నోరు తెరిచేదాకా అట్లాగే కూర్చునేవాడు.

పిల్లగాడు వేళ్లు ముడిచి, మళ్లీ విప్పి చూసుకున్నాడు. తర్వాత రంగు గురించి మొదలుపెట్టాడు. రంగు నుంచి కట్టు, కట్టు నుంచి లెక్క, లెక్క నుంచి వాళ్ల నాయిన కళ్లు మూసుకుని వేళ్లతో నూలు లెక్కబెట్టే సంగతి. గాలిలో నూలు పట్టుకున్నట్టు చేతులు కదిలిస్తున్నాడు. ఆ గొంతు నేను పైన ఒక్కసారి కూడా వినలేదు. టైపు నేర్చుకునే పిల్లలు మిషన్లు ఆపి వింటున్నారు. నేను మెట్ల మీద అట్లాగే నిలబడ్డాను. చాయ్ తాగకుండా వెనక్కి పైకి పోయాను.

సాయంత్రం చాచా నా గదికి వచ్చాడు. ఆయన మెట్లెక్కడం నేను చూసింది అదొక్కసారే. గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టర్ సాబ్, గా పిల్లగాడు కింద ఒక తీరు మాట్లాడుతుండు, మీ తాన ఒక తీరు మాట్లాడుతుండు. కింద తీరు జర మీరు గూడ వినండి" అన్నాడు.

"మీ మిషన్లు మీరు చూసుకోండి చాచా. నా పిల్లల సంగతి నేను చూసుకుంట" అన్నాను.

ఆయన సరే సాబ్ అని దిగిపోయాడు. నేను విన్నానని చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే పిల్లగాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి, వ్యాపారి కొడుకు జవాబు ఇరవై సార్లు చెప్పించాను. తెలియక చేయలేదు. ఆ గొంతు బాగుందని నాకు తెలుసు. అది బాగుంటే నా నోట్‌బుక్ దండగ. నా కిటికీ పక్క మంచం దండగ. గేటు దగ్గర నేనన్న మాట మరీ దండగ. అది నాకు మింగుడుపడలేదు.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు హైదరాబాద్ బస్సు దిగి నేరుగా నా గదికే వచ్చాడు. బల్ల అవతల నిలబడే చెప్పాడు. ముగ్గురు మెంబర్లు. తండ్రి ఏం చేస్తాడంటే వ్యాపారం అన్నాడట. నేతతో ఏమన్నా సంబంధం ఉందా అంటే లేదన్నాడట. అప్పుడు చివర కూర్చున్న ముసలాయన ఒక చిటికి రుమాలు అతని ముందు పరిచి, ఇందులో ఏదన్నా తప్పు కనిపిస్తోందా, అది ఎట్లా వచ్చి ఉంటుంది అని అడిగాడట.

"చూడంగనే దొరికింది సార్" అన్నాడు. "తప్పేందో తెలుసు, యాడ పుట్టిందో తెలుసు. చెప్తె మగ్గమోన్నని తెలిసిపోతది. తెల్వదని చెప్పిన."

చేతులు బల్ల కింద పెట్టుకున్నాడట, పొక్కిన వేళ్లు కనిపించకుండా.

నేనేం అనాలి? తప్పు నాది అనాలి. "నువ్వు భయపడ్డవ్" అన్నాను.

అతను నా మొహం చూసి, "ఔ సార్, భయపడ్డ" అన్నాడు. నేను అన్నదాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నట్టే ఒప్పుకున్నాడు. వారం తిరగకముందే భీవండి పోయాడు. మిగతా పిల్లలకు కూడా అతను భయపడటం వల్లే కొలువు పోయిందని చెప్పాను. వాళ్లు నమ్మారు.

తర్వాత ఒక శుక్రవారం. చాచా నమాజు నుంచి వచ్చాడు. ఇన్‌స్టిట్యూట్ బంద్. మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. నన్ను చాయ్‌కి పిలిచాడు. పిల్లగాడి మాట ఎత్తలేదు. కప్పు నా ముందు పెట్టి, "మాస్టర్ సాబ్, మీ నాయిన ఏం జేస్తడు?" అన్నాడు.

కాంట్రాక్టర్ అన్నాను.

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. నేను గోడ గడియారం చూశాను. కప్పు చూశాను. చివరికి మట్టి పని అని చెప్పాను. ఇక ఆగలేదు. రొట్టెల మూట, గేటు, మా ఊరాయన అనడం, అన్నీ చెప్పాను. నల్గొండలో నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. చాచా ఓదార్చలేదు. బుద్ధి చెప్పలేదు. "చాయ్ సల్లారింది, ఇంకోటి తెప్పిస్త" అన్నాడంతే.

ఆ ఆదివారం బాపు పని చేసే కాలువ కట్ట వెతుక్కుంటూ పోయాను. నన్ను చూసి పార పక్కన పెట్టి, తలకు చుట్టిన తువ్వాల విప్పి దులిపి, కూర్చోమని పరిచాడు. పక్కవాళ్లకు నా కొడుకు అని చెప్పాడు. నేను చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను.

గదిలో పద్ధతి మాత్రం మారింది. రాయించడం మానేశాను. ఒకటి అడిగి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో చాలా కష్టం. నాలుక దురద పెట్టేది. ఆ ఊరుకోవడంలో పిల్లలు ఏవేవో చెప్పేవాళ్లు. ఒకడు గొర్రెల సంగతి, ఒకామె బీడీల సంగతి. కొందరికి కొలువులు వచ్చాయి, కొందరికి రాలేదు. కోచ్ అంటే అప్పుడు మాకు ఆటలు నేర్పే మనిషి. ఈ అడిగి ఊరుకునే పనికే తర్వాత హైదరాబాద్‌లో ఆ పేరు పెట్టి నన్ను పిలిచారు. వేదిక మీదికి ఎక్కాక, చెప్పే కథలో చాచా కూర్చున్న కుర్చీలో నన్ను కూర్చోబెట్టుకున్నాను. చాచా అప్పటికి లేడు. కాదనేవాళ్లు లేరు.

ఆ పిల్లగాణ్ణి నేను మళ్లీ ఒక్కసారే చూశాను. తొంభైల చివర్లో, భీవండి నుంచి వాపసు వచ్చాడని తెలిసి చండూరు బస్సెక్కాను. ఇంటి ముందు అరుగు మీద నూలు కట్టుకుంటున్నాడు. మనిషి చిక్కిపోయాడు. వేళ్లు మళ్లీ ఎర్రగా, నల్లగా ఉన్నాయి. సార్ అంటూ లేచి పీట వేశాడు. వాళ్లావిడ నీళ్లిచ్చింది. పవర్‌లూము దుమ్ముకు ఛాతీ పట్టుకుపోయి వచ్చేశానని చెప్పాడు. భయపడ్డది నువ్వు కాదు, నేనే అని చెప్పాలని దారంతా అనుకుంటూ పోయాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చాచా చేసినట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను.

అతనే అన్నాడు. "సార్, గా ముసలాయన అడిగిన బట్టల తప్పేందో మీరు నన్ను అడగనే లేదు."

"చెప్పు" అన్నాను.

నూలు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు, నా బల్ల ముందు కూర్చున్నట్టు. "రుమాలు నడిమి పువ్వు సార్. తెల్లగుండాల్సిన కాడ సన్నగ ఎరుపు జొచ్చింది. ఎవలన్న నేసినోన్నే అంటరు, బట్ట వానికే వాపసిస్తరు. నేత మంచిగనే ఉంది. తప్పు అంతకంటె ముందుది. కట్టు వదులు కట్టిండ్రు. రంగుల ముంచినప్పుడే లోపలికి దిగింది. ఇగ మగ్గం మీద ఎంత మంచిగ నేసినా అది పోదు." ఆగి, "గంతే సార్. రైటేనా?" అని అడిగాడు.

"రైటే" అన్నాను. దాని వెనకే, ఆ వదులు కట్టు నాదే అనాలి. అతను అప్పటికే వంగి నూలు అందుకున్నాడు. ట్యూబు ముక్క పళ్లతో పట్టి, లాగి, బిగించి కట్టి, వేలితో ఒకసారి నొక్కి చూసుకున్నాడు. బస్సు వేళయిందని లేచాను.

ఆయన ఎక్కడ ఉన్నారని అడిగిన ఆ అమ్మాయి క్లాసులో చేరినప్పుడు ఇచ్చిన నంబరు నా దగ్గర ఉంది. రేపు ఫోన్ చేసి, ఆయన పెద్ద ఆఫీసులో లేడమ్మా అని చెబుతాను. నేను చివరిసారి చూసినప్పుడు చండూరు అవతల తన ఇంటి అరుగు మీద చిటికి కట్టుకుంటున్నాడు. ఇప్పుడు ఎట్లా ఉన్నాడో తెలియదు. ఈ వారం బస్సెక్కి పోయి అడగాలి.