గరివిడిలో ఎక్కిన చుట్ట

బొగ్గు రైళ్ల రోజులవి. ఆ జిల్లాకు నేను కొత్త. గరివిడిలో పాసింజరెక్కిన ఒక ముసలమ్మ నా ఎదురుగా కూర్చుంది. నోట్లో చుట్ట ఉంది, నిప్పు మాత్రం కనిపించలేదు.

"ఆదివారం నాకు బాప్తిస్మం బాబూ. పాస్టరుగారు సుట్ట మానీమన్నారు," అంది.

"అందుకని వెలిగించకుండా పెట్టుకున్నావా అమ్మా? మంచి ఉపాయమే," అన్నాను.

ఆవిడ నవ్వి చుట్ట బయటికి తీసింది. నిప్పున్న కొస నోటి లోపలుంది!

"మాకాడ ఆడోళ్లం ఇలాగే కాలస్తాం. పాస్టరుగారికి కనపడదు." అంటూనే ఆగిపోయింది. "పెబువుకి కనపడతాది కదేటి?"

చుట్టను కిటికీలోంచి విసిరేసింది. తర్వాత నా జేబులోని సిగరెట్ పెట్టె చూసి చెయ్యి చాపింది.

"నీదీ ఇటియ్యి బాబూ. నువ్వు కాలస్తంటే నా నోరు ఊరుకోదు."

ఇచ్చేశాను. విజయనగరంలో దిగగానే కొత్త పెట్టె కొని, వెలిగించబోతూ వెనక్కి చూశాను. కదులుతున్న రైలు కిటికీలోంచి ఆ చెయ్యి ఇంకా చాపే ఉంది.