తమ్ముడు వేయించుకోని పచ్చబొట్టు

నా కిడ్నీ ఒకటి తమ్ముడికి ఇచ్చిన మరుసటి ఏడు, వాడు చేతి మీద టాటూ వేయించుకుంటానన్నాడు. మణికట్టు మీద తెలుగులో ‘అక్క’ అని, అంతే.

"గదేం పిచ్చిరా? గది లేకుంటే నేను యాదికి రానా?" అన్నాను.

"వస్తవ్ గనీ, నాకు రోజూ కనబడాలె అక్కా."

అల్వాల్ నుంచి లాలాగూడలో మా ఇంటికొచ్చి ఫోన్‌లో అక్షరాల నమూనాలు చూపించాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మమ్మ చేతుల నిండా పచ్చబొట్లే, ఆమెకేమీ కాలేదు. ఇప్పుడైతే సూది కూడా కొత్తది వాడతారు. అయినా వాడు రోజూ మింగే మాత్రలు గుర్తొచ్చి, ముందు డాక్టరమ్మని అడుగుదామన్నాను. ఎలాగూ ఆ వారం వాడికి చెకప్ ఉంది.

ఆపరేషన్ నాటి నుంచి వాణ్ని చూస్తున్న కిడ్నీ డాక్టర్ ఆమె. టాటూ సంగతి అడిగితే నవ్వి కొట్టిపారేస్తుందనుకున్నాం. కానీ ఆమె చేతిలోని రిపోర్టులు పక్కన పెట్టి, వాడి వైపు తిరిగి కూర్చుంది.

"టాటూ రంగు చర్మంలో ఎట్ల నిలుస్తదో తెలుసా? సూది దిగంగానే ఒంట్లో ఉన్న కావలి కణాలు ఉరికొస్తయి. రంగును పరాయిదనుకుని మింగుతయి. అరిగించుకోలేవు, వదలలేవు. పట్టుకుని అక్కడనే కూర్చుంటయి. ఒకటి చచ్చిపోతే దాని రంగును ఇంకోటి అందుకుంటది. బతికినన్ని రోజులు గంతే."

చిన్నప్పుడు వేలితో తడిమిన అమ్మమ్మ చుక్కలు కళ్ల ముందు కదిలాయి. ఇన్నాళ్లూ అవి ఇంకిపోయిన మరకలనుకున్నాను. ఆమె చర్మం కింద ఆ రంగు ఒక కణం చేతి నుంచి ఇంకో కణం చేతికి మారుతూ వచ్చిందన్నమాట.

"మరి నాకేమైతది మేడం?" అన్నాడు తమ్ముడు.

"నీ కావలి కణాలను మనమే మందులతో జోకొడుతున్నం. పూర్తిగా మేలుకుంటే మీ అక్క కిడ్నీ మీద పడతయి. అవి మత్తులో ఉన్నప్పుడు గాయంలోకి ఇన్ఫెక్షన్ దూరితే ఆపడం కష్టం. సూది కొత్తదైనా రంగులో క్రిములుండొచ్చు. టాటూ వేసుకున్నోళ్లందరికీ జబ్బు చేస్తదని అంటలేను. నీకు చేస్తే మాత్రం తేలిగ్గా పోదు. నన్నడిగితే వద్దంటా."

వాడు కాసేపు తన మణికట్టు చూసుకున్నాడు.

"వద్దులే అక్కా. వాటిని పండుకోనియ్యి," అన్నాడు నాతో.

తర్వాత ఆమె వాణ్ని మంచం మీద పడుకోబెట్టి, పొత్తికడుపు కుడి పక్కన నొక్కి చూసింది. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇక్కడ చెయ్యి పెట్టండి."

చర్మం కింద గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. నేనిచ్చిన కిడ్నీ వీపు వైపు, నాలో ఉన్నచోటే వాడిలోనూ ఉంటుందనుకున్నాను. ఇంత ముందుకు, అరచేతికి అందేంత దగ్గరగా ఉందని తెలియదు.

"ఇదేనా?" అన్నాను.

"అదే. మీదే," అంది డాక్టరమ్మ.

చెయ్యి వెంటనే తీయలేకపోయాను. నా ఒంట్లో ఉన్నన్నాళ్లూ నేనెప్పుడూ తాకనిది, తమ్ముడి ఒంట్లో నా చేతి కింద పనిచేసుకుంటూ ఉంది.

బయటికొచ్చి బండి తీస్తూ వాడు అడిగాడు, "ఎట్లుందక్కా?"

"మంచిగుందిరా," అన్నాను.