పడవలో పంపు డ్యూటీ

మా బావ బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక పాత తెరచాప పడవ కొని, ఎండాకాలమంతా దానికి మరమ్మతులు చేశాడు. ఈ రోజు పొద్దున దాన్ని గోదావరిలో దించి, నన్నూ ఎక్కించాడు.

ఎక్కే ముందు తెరచాప కొయ్యను కట్టెతో కొట్టి, చెవిపెట్టి విన్నాడు. బావిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో వాళ్లు అట్లాగే కొట్టి చూస్తారు. తాళ్లన్నీ కొత్తవి, చాపకు కుట్టు మీద కుట్టు. పైన వంక పెట్టడానికి ఏమీ లేదు. గాలికి పడవ హాయిగా సాగుతుంటే బావను మెచ్చుకుందామనుకున్నాను. అప్పుడే నా చెప్పులు తేలాయి.

"బావా, కింద నీళ్లొస్తున్నయి!"

ఆయన చాప మీంచి చూపు తిప్పలేదు. "కింద నీళ్లు రాక ఏమొస్తయిరా? పంపోళ్లు చూసుకుంటరు తియ్." పంపోళ్లంటే బొగ్గుబావి అడుగున ఊరే నీళ్లను పంపులతో తోడేవాళ్లు.

"గీడ పంపోళ్లు ఎక్కడున్నరు బావా?"

అప్పుడు కిందికి చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. టిఫిన్ గిన్నె ఖాళీ చేసి నా చేతిలో పెట్టాడు.

ఒడ్డు చేరేదాకా తోడుతూనే ఉన్నాను. అక్కడ మా అక్క ఆత్రంగా అడిగింది, "ఎట్ల నడిచిందయ్యా?"

"పడవ ఫస్ట్ క్లాస్. నీ తమ్మునికే డ్యూటీ చేతకాలే."

సాయంత్రం బావ ఫోన్ చేస్తే, అడుగు పలకల సందులు పూడుస్తున్నానని చెప్తాడేమో అనుకున్నాను. రేపు నాది ఫస్ట్ షిఫ్టట. నడుము పట్టేసిన నా తరఫున అడుగుతున్నాను, సెకండ్ షిఫ్టుకు మీలో ఎవరైనా వస్తారా?