నలభయ్యో నిమిషం దాటిన పడవ

ఆఫీసులో అందరూ ఆమెను రీళ్ళక్క అనేవాళ్ళు. డాక్యుమెంటరీ సినిమాల రీళ్ళను తుడిచి, తెగినచోట అతికించి, డబ్బాల్లో సర్ది కాలేజీలకు పంపడంలోనే ఆమె జుట్టు నెరిసింది. రీళ్ళు పోయి సర్వరు వచ్చాక ఇక అక్క పని అయిపోయినట్టే అనుకున్నారు. ఆమె మాత్రం యాభై దాటాక ఓనమాలు దిద్దుకున్నట్టు కంప్యూటరు నేర్చుకుని, నలభై కాలేజీలకు నెట్ ద్వారా సినిమాలు పంపే పని తన నెత్తిన వేసుకుంది. ఏ కాలేజీ ఏ సినిమాను ఏ నిమిషంలో ఆపేసిందో కూడా ఆమె తెర మీద కనిపిస్తుంది.

ఆ అంకెలే కొంప ముంచాయి. డెబ్భై నిమిషాల సినిమా ఎక్కడా నలభై దాటడం లేదు. ఎవరూ చివరిదాకా చూడనప్పుడు పంపి ఏం లాభం, ఈ నెలాఖరుతో ఆపేద్దామన్నారు డైరెక్టరు గారు.

అక్క మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి, ఒక కాలేజీలో వెనక బెంచీ మీద కూర్చుంది. పాత పడవలు బాగుచేసే ఒక ముసలామె గురించిన సినిమా నడుస్తోంది. పిల్లలు రెప్ప వేయడం లేదు. చిల్లుపడిన పడవకు ముసలామె చివరి చెక్క బిగిస్తుండగా గంట మోగింది. లెక్చరరు ఆపేశాడు. మళ్ళీ క్లాసులో మొదటి నుంచి పెట్టాల్సిందేనట. ఒకే కంప్యూటరు మీద మూడు సెక్షన్లు చూస్తాయి. ఎవరు ఎక్కడ ఆపారో ఎవరికి గుర్తుంటుంది?

పక్కనున్న అమ్మాయి సంచీ సర్దుకుంటూ అడిగింది. "ఇక్కడిదాకా మూడుసార్లు చూశామండీ. ఇంతకీ ఆ పడవ తేలుతుందా?"

"అది నేనే నోటితో చెప్పేస్తే ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం దేనికమ్మా?" అంది అక్క.

తిరిగి వస్తూనే ఇంజినీరు బల్ల ముందు నిలబడింది. రీళ్ళ కాలంలో సినిమా సగంలో ఆగితే, ఆ చుట్ల మధ్య క్లాసు పేరు రాసిన కాగితం ముక్క పెట్టించేది తను. ఇప్పుడూ అలాంటిదే కావాలంది. ఏ సెక్షన్ పేరు నొక్కితే, ఆ సెక్షన్ ఆపినచోటి నుంచే సినిమా మొదలవ్వాలి.

"ఇంతేనా అక్కా? కొండను తవ్వి ఎలుకను పట్టుకొచ్చావు," అని నవ్వాడు ఇంజినీరు.

"ఆ ఎలుకే నా నలభై కాలేజీల్నీ కొరికేస్తోంది. ముందు దాని సంగతి చూడు నాయనా."

రెండు రోజుల్లో పని అయిపోయింది. నెలాఖరుకు చాలా కాలేజీల అంకెలు డెబ్భైకి చేరాయి. డైరెక్టరు గారు పాత మాట ఎత్తకుండా, కొత్తగా అడుగుతున్న కాలేజీల జాబితా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళారు.

అక్కకు మాత్రం ఆ సంగతి అంకెల కంటే ముందే తెలుసు. కొత్త ఏర్పాటు మొదలయ్యాక, ఆ సెక్షన్ రెండో క్లాసుకే ఆమె మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది. సినిమా చివరి చెక్క దగ్గర మొదలైంది. పడవను నీళ్ళలోకి తోశారు. అది ఒక పక్కకు ఒరిగి, ఆగి, నిలబడింది.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "తేలిందండీ," అంది మెల్లగా.

"అలాగా," అంది, ఆ సినిమాను వందసార్లు చూసిన రీళ్ళక్క.