మా కుక్క నడుముకు కట్టిన తాయెత్తు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఇంట్లో పొట్టికాళ్ల, పొడుగు నడుము కుక్క ఒకటి ఉండేది. ఒళ్లంతా బొచ్చు. నాంపల్లిలోని మా ఇరుకు ఇంట్లో దాని తల వంటింట్లో ఉంటే తోక ముందు గదిలో ఉండేది.

ఒక రోజు పొద్దున లేచేసరికి దాని వెనక కాళ్లు పడిపోయాయి. ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చింది. కుక్క తోక వంకర అని లోకం వెక్కిరిస్తుంది గాని, ఆ వంకర తోక ఊగడం మానేస్తే ఎంత దిగులో ఆ రోజు తెలిసింది.

పశువుల డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి.

"దీంట్ల వెన్నుపాము కనపడదమ్మా. డిస్కు జారి ఒత్తుతుంటే ఆపరేషన్ చేస్తా. గడ్డ అయితే మాత్రం, బాధ పెట్టకుండ ఇంజెక్షన్ ఇచ్చి పంపుడే. ఏదైందో ఎమ్మారై తీస్తెనే తెలుస్తది" అన్నారు. ఆ ఇంజెక్షన్ మాట విన్నాక అమ్మకు అన్నం సయించలేదు.

కుక్కలకని వేరే మిషన్ మాకు తెలిసి ఊళ్లో ఎక్కడా లేదు. అబిడ్స్‌లో మనుషులకు స్కానింగ్ తీసే చోట డాక్టరుకు స్నేహితులున్నారు. ఆదివారం మధ్యాహ్నం, మనుషుల తాకిడి లేనప్పుడు తెమ్మన్నారట. ఆదివారం అనగానే నాన్న ముఖం ముడుచుకున్నారు. ఆయన చర్చిలో పెద్ద. ఆరాధన, కమిటీ, భోజనం, నిద్ర, ఈ వరసకు తిరుగులేదు.

"నా నడుముకు ఇన్నేండ్ల సంది బాము రుద్దుకునుడే దిక్కు. దీనికి ఎమ్మారైనా" అని గొణిగారు. గొణిగి, కమిటీ ఎగ్గొట్టి, ఆటో పిలుచుకొచ్చింది కూడా ఆయనే.

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంత కదా, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు, రోడ్డు నిండా వాటిని బేరమాడేవాళ్లు. ఆటో నత్తనడక నడిచింది. పుస్తకం కనిపిస్తే ఆగే నాన్న అటువైపు తల కూడా తిప్పలేదు. అమ్మ ఒళ్లోని కుక్కనే చూస్తున్నారు.

అక్కడికి మా పశువుల డాక్టరే వచ్చి కుక్కకు మత్తు ఇచ్చారు. మిషన్ నడిపే ఆయన వచ్చి, "మెడ పట్టీ తీసిన్రా? గీ మిషన్ పెద్ద అయస్కాంతం. ఇనుమున్నదంటే గుంజుకుంటది, బొమ్మ గూడ ఖరాబైతది. ఇంకేమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగారు.

"ఏం లేదు బిడ్డా" అంది అమ్మ, ఏ అనుమానం లేకుండా.

ఆయన చేతిలోని యంత్రాన్ని కుక్క మీద తిప్పితే నడుము దగ్గర కుయ్యిమంది. బొచ్చు పాయలు తీసి చూస్తే నల్లదారం, దానికి చిన్న రేకు తాయెత్తు. దర్గాది, ప్రార్థన చదివి ఇచ్చేది.

మా ఇంట్లో ఎవరైనా తాయెత్తు మాటెత్తితే నాన్న ప్రసంగం గంటకు తక్కువ ఉండదు. ఆయన అమ్మవైపు తిరిగారు.

"ఎప్పుడు పోయినవ్?"

"శుక్రారం. కూరగాయలకు పోయినప్పుడు."

ఆ రోజు మేం పచ్చడితో సరిపెట్టుకున్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. అమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడి, మిషన్ ఆయనతో మెల్లగా అంది. "గది ఇనుమని అనుకోలే బిడ్డా. దువా అనుకున్న."

తాయెత్తు తీసి పక్కన పెట్టారు. అద్దం అవతల మిషన్ చాలాసేపు దడదడ కొట్టుకుంది. చివరకు డాక్టరు తెర మీద చూపించారు. వీపు పొడవునా సాగిన తెల్ల గీత ఒక్కచోట నొక్కుకుపోయి ఉంది.

"గడ్డ లేదు. డిస్కే. రేపు పొద్దుగాల్నే ఆపరేషన్ పెట్టుకుందాం."

అమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకుని ఆమె మిషన్ ఆయన ముందు చెయ్యి చాపింది.

"జర గా తాయెత్తు ఇటియ్యి బిడ్డా. స్కానింగ్ అయింది గని, ఆపరేషన్ ఇంకా ఉన్నది గద."

మిషన్ గదిలోంచి బయటికి తెచ్చిన కుక్క ఇంకా మత్తులోనే ఉంది, దాని నడుముకు దారం చుట్టింది. బొచ్చు అడ్డం వచ్చి ముడి జారిపోతోంది. ఇక ప్రసంగం తప్పదని నేను నాన్నవైపు చూశాను. ఆయన తన నొప్పి నడుమును ఒక చేత్తో పట్టుకుని వంగి, రెండో చేతి వేలు ముడి మీద పెట్టి నొక్కి పట్టుకున్నారు.

"గట్టిగ కట్టు" అన్నారు.