నేను విరగ్గొట్టిన చెయ్యి

నా ఇరవై ఆరో ఏట హోసూరులో ఒక పెద్దాయన చెయ్యి విరగ్గొట్టినాను. ఆయన బెంగుళూరు బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. ఆయన వాయిస్తే వినడమంటే నాకు ప్రాణం. అయినా కొట్టినాను.

మాది కల్లావి అనే ఊరి పక్కన గొర్రెలు మేపే ఇల్లు. హోసూరులో కొత్తగా ఫ్యాక్టరీలు లేస్తా ఉన్న రోజుల్లో వచ్చి ఇనుము తరిమే లేత్ మిషను మీద పనికి చేరినాను. తళి అనే ఊరి నుంచి వచ్చినోడు ఒకడు, నేను ఒకే రూములో ఉంటిమి. ఒక ఆయుధపూజకు మా ఫ్యాక్టరీవాళ్ళు ఆ బ్యాండును పిలిపించినారు. నలుగురు మనుషులు. కుర్రతనంలో బెంగుళూరు హోటళ్ళలో ఇంగ్లీషు పాటలు వాయించి పేరు తెచ్చుకున్నోళ్ళంట. మేము చూసేటప్పటికి యాభై దాటినారు, ఒకాయనకు పండ్లు కూడా ఊడినాయి. మాకు ఆ పాటల్లో ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ఆ డ్రమ్స్ ఆయన పుల్లలు ఎత్తినాడంటే షెడ్డులో రేకులు అదిరినాయి. పొద్దంతా మిషన్ల మోతతో చెవులు దిబ్బడ వేసినోళ్ళం, మోతలో ఇంత సుఖముందా అని ఆ రోజు తెలిసింది. మాకు అది ఊరికే దొరికింది.

మూడేండ్ల తర్వాత గోడల మీద పోస్టర్లు పడినాయి. అదే బ్యాండు, ఆదివారం మధ్యాహ్నం, సినిమా టెంటులో. టికెట్టు పది రూపాయలు, ఇరవై ఐదు, యాభై. సినిమాకు రూపాయింపావు ఇచ్చేటోళ్ళం మేము. నా ఒక రోజు కూలి పన్నెండు రూపాయలు. ఫ్యాక్టరీలో టీ తాగే చోటంతా ఇదే మాట. చచ్చేలోపల దుడ్డు పోగేసుకునేదానికి బయల్దేరినారని రూములోవాడు అన్నాడు. గొంతు పోయినాక, పేరు అమ్ముకోవడానికి తిరుగుతా ఉండారని ఇంకొకడు. నేను ఒప్పుకోలేదు. రెండు వారాలు వాళ్ళ తరఫున కొట్లాడినాను. ఆఖరికి నాకూ రూములోవాడికీ పది రూపాయల టికెట్లు నేనే తీసినాను.

ఆ ఆదివారం టెంటు దగ్గర చూస్తే జనం సందు లేకుండా ఉండినారు. ఆట పెట్టించిన కంట్రాక్టరు, ఉన్న చోటుకు రెండింతలు టికెట్లు అమ్మినాడు. ముందర కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ళ ఇంటోళ్ళు. పది రూపాయలోళ్ళను వెనక వెదుర్లు కట్టి, గొర్రెలను తోలినట్టు తోలినారు. ఎండ. తాగేదానికి నీళ్ళు లేవు. మూడు గంటలకు అని చెప్పిన ఆట నాలుగున్నరకు మొదలైంది. పాడే ఆయన గొంతు నిజంగానే పోయింది. రెండో పాటకే దగ్గినాడు. నా పక్కనోళ్ళు ఊళలు పెట్టినారు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపమైంది. ఎవరి మీదనో తెలియలేదు.

నాలుగో పాటలో వెదుర్లు విరిగినాయి. జనం ముందరికి తోసుకుని పోయినారు. కుర్చీలో ఉండే ఒకాయన మా రూములోవాణ్ణి కాలితో తన్నినాడు. వాడు ఆయన ముఖం మీద గుద్దినాడు. అంతే, కుర్చీలు లేచినాయి. ఎవడో ఒకామె చెవి కమ్మ లాగితే చెవి తెగి రక్తం కారింది. కంట్రాక్టరు మైకులో ఆట అయిపోయిందని చెప్పి, వెనక పక్క గుడ్డ చించుకుని పారిపోయినాడు. కంట్రాక్టరు పారిపోయినాడని తెలియగానే అందరూ స్టేజీ మీద పడినారు. గిటారు ఒకటి తల మీద నుంచి ఎగిరి పడింది. పాడే ఆయనను చొక్కా పట్టి ఈడ్చినారు.

నేనూ ఎక్కినాను. చేతిలో విరిగిన కుర్చీ కోడు ఉండింది. అది నా చేతికి ఎప్పుడు వచ్చిందో నాకు జ్ఞాపకం లేదు. డ్రమ్స్ ఆయన పారిపోలేదు. పెద్ద డ్రమ్మును రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు.

"ఎంత ఇచ్చినార్రా నీకు?" అని అరిచినాను.

ఆయన ఏదో చెప్పబోయినాడు. నేను కొట్టినాను. డ్రమ్ము మీద ఉన్న కుడి మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు శబ్దం వచ్చింది. ఆయన అరవలేదు. తన చేతిని, అది ఎవరిదో అన్నట్టు, చూసుకున్నాడు. అంతలో పోలీసులు వచ్చి పడినారు. నాకు నెత్తి మీద ఒక లాఠీ, భుజం మీద రెండు. కింద పడినాక నడుము మీద బూటుకాళ్ళు.

పెద్దాసుపత్రిలో దెబ్బలు తగిలినోళ్ళందరినీ వరండాలో కూర్చోబెట్టినారు. బెంచీ మీద నా పక్కనే ఆయన. చెయ్యి అట్టముక్కతో కట్టి ఉండింది. నన్ను గుర్తుపట్టలేదు. నా ముఖమంతా రక్తమే కదా. యాడ తగిలిందని ఆయనే అడిగినాడు. కోలారు గని పక్కోడంట, మా తెలుగే మాట్లాడినాడు. నేను ఉండబట్టలేక అడిగినాను.

"దుడ్డు కోసమే కదన్నా మీరు వచ్చింది?"

"అవునప్పా. ముప్పై ఏండ్లుగా దుడ్డు కోసమే వాయిస్తా ఉండాను. వేరే పని రాదు నాకు."

అన్నీ చెప్పినాడు. నలుగురికీ కలిపి ఎనిమిది నూర్లకు కంట్రాక్టరు మాట్లాడినాడంట, బయల్దేరేటప్పుడు నూరు చేతిలో పెట్టినాడంట. టికెట్టు ఎంతకు అమ్మినారో ఈడికి వచ్చి పోస్టరు చూసేదాకా వాళ్ళకూ తెలియదంట. గిటారు వాయించే ఆయన పగలు ఆటో తోలతాడంట. పాడే ఆయనకు గుండెల్లో జబ్బంట. ఎవడు కొట్టినాడో ముఖం చూడలేదని ఆయన అన్నప్పుడు, నా నోట్లో నుంచి మాట వచ్చేసింది.

"నేనేనన్నా."

ఆయన ఎడమ చేత్తో నా చెంప మీద కొట్టినాడు. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టినాడు, ఈసారి నెత్తి మీద, కుట్లు పడాల్సిన చోట. ముప్పై ఏండ్లు డ్రమ్స్ వాయించిన చెయ్యి అది. నేను తల పక్కకు తిప్పలేదు. మూడోసారీ చెయ్యి ఎత్తినాడు, కాంపౌండరు వచ్చి పట్టుకునేదాకా కొడతానే ఉండినాడు.

"నా పక్కన కూర్చోవద్దు. లేచి పో," అన్నాడు రొప్పుతా.

కేసు కృష్ణగిరి కోర్టుకు వచ్చేటప్పటికి ఎనిమిది నెలలయింది. ఆయన సాక్షిగా బస్సులో వచ్చినాడు. నన్ను చూపించి, ఇతనేనా అని అడిగినారు. ఇతనే అన్నాడు. అంత గలాటాలో ఎట్ల తెలిసిందని నా వకీలు గుచ్చి గుచ్చి అడిగితే, "తానే చెప్పినాడు. నేనూ కొట్టినాను ఇతన్ని, అదీ రాసుకోండి," అన్నాడు. నాకు నెల రోజులు జైలు పడింది. పని పోయింది. మా నాయన జైలుకు వచ్చి, కమ్మీల అవతల నిలబడి, ఆ మనిషికి వేళ్ళు ఆడతాయా అని ఒక్కటే అడిగినాడు. నాకు తెలియదన్నాను. ఆయన వెనక్కి తిరిగి బస్టాండుకు పోయినాడు.

బయటికి వచ్చినాక కృష్ణగిరిలోనే ఒక వెల్డింగు షాపులో చేరినాను. రెండేండ్లకు అదే బ్యాండు ఆ ఊరికి వచ్చింది. టికెట్టు పదిహేను రూపాయలు. పోయినాను. డ్రమ్స్ దగ్గర ఎవరో చిన్న వయసాయన కూర్చుని ఉండినాడు. ఆట మొదలు కాకముందే స్టేజీ పక్కకు పోయి పాడే ఆయనను అడిగినాను. మణికట్టు తిరగడం లేదు, పుల్ల నిలవడం లేదు, మానేసినాడు అని చెప్పినాడు. నువ్వెవరని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆఖరు పాట దాకా కూర్చున్నాను. కొత్తాయన తొందరపడతా ఉండినాడు. పాట ఒక పక్క, తాళం ఒక పక్క. ముసలోళ్ళు దుడ్డుకే వచ్చినారని వెనక వరసలో ఎవరో అంటా ఉండినారు. పదిహేను రూపాయలకు ఆ ఆట ఎక్కువే అని నాకూ అనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.